చిగుళ్ళ వాపు: పాచి చేసేదెంత? ఒత్తిడి చేసేదెంత?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



ఆర్మీ డెంటల్ కోర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళూ అందరినీ నోరు తెరవమన్నవాణ్ణి, ఇవాళ కార్యదర్శిగారు నన్నే నోరు తెరవమన్నారు. గుండె గురించి, మోకాళ్ళ గురించి మన సభల్లో చాలాసార్లు విన్నాం. చిగుళ్ళ గురించి ఎవరూ అడగరు. కారణం తేలికే. గుండె నొప్పి పెడుతుంది, మోకాలు నొప్పి పెడుతుంది. చిగురు మాత్రం చాలాకాలం నొప్పి పెట్టదు. నొప్పి లేనిది జబ్బే కాదని మనవాళ్ళ లెక్క. ఓర్చుకోవడం నేర్పిన ఉద్యోగం కదా మనది!

చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని వచ్చినవాళ్ళని "ఎందుకొస్తోందనుకుంటున్నావు?" అని అడగడం నాకు అలవాటు. ఒకరు వేడి చేసిందంటారు. ఒకరు కొత్త చోట నీళ్ళు పడలేదంటారు. కొందరు "బ్రష్షు గట్టిగా తగిలింది సార్" అంటారు. కొందరు "సరిగ్గా గట్టిగా తోమట్లేదేమో సార్" అంటారు. చివరి రెండు జవాబుల్నీ తీసిపారెయ్యడానికి లేదు. చిగుళ్ళ వాపులో సూక్ష్మజీవుల పాత్ర ఎంత, ఒత్తిడీ రాపిడీ పాత్ర ఎంత అని దంతవైద్యులు కూడా దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదన ఎక్కడికి తేలింది, దానివల్ల మనం రోజూ చేసుకునే పనిలో ఏం మార్చుకోవాలి అన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

పన్ను నిలబడే తీరు

మన ఒంట్లో ఒక గట్టి వస్తువు పైపొరని తొలుచుకుని బయటికి వచ్చేది పంటి దగ్గరే. గోరు కూడా చర్మం మీద పడుకుని ఉంటుంది తప్ప దాన్ని చీల్చుకుని రాదు. పన్ను బయటికి వచ్చిన చోట చిగురు దాన్ని కాలరులా చుట్టుకుని ఉంటుంది. ఆ కాలరుకీ పంటికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. ఆ సందు అడుగున చిగురు పంటికి అతుక్కుని ఉంటుంది. ఆ అతుకే మన ప్రహరీ గోడ.

ఇంకా కిందికి వెళ్తే పంటి వేరు, దాని చుట్టూ దవడ ఎముక. పన్ను ఎముకలో సిమెంటు పోసినట్టు బిగుసుకుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వేరుకీ ఎముకకీ మధ్య నారల పొర ఒకటుంది. మందం మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుందేమో, అంతే. పన్ను ఆ నారల్లో ఉయ్యాలలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. మనం చెరుకు కొరికినా, ఎముక కొరికినా ఆ దెబ్బని ముందు ఈ నారలే తీసుకుంటాయి. దవడ పళ్ళ దగ్గర గట్టిగా కరిస్తే 50 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి, ఒక్కోసారి అంతకు మించి కూడా వస్తుంది. రోజూ అంత పని చేసే ఏర్పాటు అది.

జబ్బు రెండు అంచెల్లో వస్తుంది. మొదటి అంచెలో చిగురు మాత్రమే వాస్తుంది. ఎర్రబడుతుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేసుకుంటే పూర్తిగా తగ్గిపోతుంది. రెండో అంచెలో అడుగున ఉన్న అతుకు ఊడుతుంది, సందు లోతై సంచీలా తయారవుతుంది, ఎముక కరుగుతుంది. ఇలా పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. మొదటి అంచె నుంచి రెండో అంచెకు పోకుండా ఆపడమే మన పని.

పాచి మీద సాక్ష్యం

1683లో హాలెండులోని డెల్ఫ్ట్ ఊళ్ళో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తన పళ్ళ మీది తెల్లటి పదార్థాన్ని గీకి, తానే చేసుకున్న భూతద్దంలో చూశాడు. అందులో కదిలే చిన్న చిన్న ప్రాణుల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మన తెలుగులో దానికి ఎప్పటినుంచో మంచి మాట ఉంది: పాచి. దిగుడుబావి మెట్ల మీద పట్టేదాన్నీ, పళ్ళ మీద పట్టేదాన్నీ ఒకే మాటతో పిలిచారు మన పెద్దలు. చాలా సరైన మాట. మెట్ల మీది పాచి బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే పోతుందా? గీకితేనే పోతుంది. పంటి మీది పాచీ అంతే. పుక్కిలిస్తే పోదు. సూక్ష్మజీవులు జిగురులాంటి పొర అల్లుకుని దాని లోపల కాపురం ఉంటాయి. ఒక్క మిల్లీగ్రాము పాచిలో 10 కోట్లకు పైగా బాక్టీరియాలుంటాయి.

మరి ఈ పాచే చిగుళ్ళ వాపుకు కారణమని తేల్చిందెవరు? హరాల్డ్ లో అనే నార్వే దేశస్థుడు, ఆయన సహచరులు. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో చేసిన ఈ ప్రయోగం 1965లో అచ్చయింది. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోమడం పూర్తిగా మానెయ్యమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో 12 మందికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టించారు. వారం, పది రోజుల్లో తగ్గిపోయింది. ఇంతకన్నా తేటగా ఉన్న ప్రయోగం మా శాస్త్రంలో ఇంకొకటి లేదంటాను నేను. వేడీ కారణం కాదు, నీళ్ళూ కారణం కాదు. మారింది పాచి ఒక్కటే.

1973లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎన్ని గంటలకొకసారి పాచిని పూర్తిగా తీస్తే చిగురు నిలబడుతుందని చూశారు. 48 గంటలకొకసారి పూర్తిగా శుభ్రం చేసుకున్నవాళ్ళలో వాపు రాలేదు. 72 గంటలకు పోయినవాళ్ళలో వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మంచులో పోస్టు మీద ఉన్న తమ్ముళ్ళకి ఇది పనికొచ్చే మాట. దీని సంగతి మళ్ళీ చెప్తాను.

పాచి వాపుని ఎలా తెస్తుంది? అందులోంచి వచ్చే విషపదార్థాలు చిగురులోకి దిగుతాయి. ఒళ్ళు ఊరుకోదు. రక్తనాళాలు ఉబ్బుతాయి, తెల్ల రక్తకణాలు బారులు తీరి వస్తాయి. అందుకే ఎరుపు, వాపు, రక్తం. పోరు ఎక్కువ కాలం సాగితే అవతలివాడి మీద పేల్చిన గుండ్లకు మన గోడే కూలినట్టు, బాక్టీరియా మీదికి పంపిన రసాయనాలే మన ఎముకని కరిగిస్తాయి. ఎముక నష్టంలో పెద్ద వాటా మన ఒంటి సొంత ప్రతిక్రియదే.

ఈ ప్రతిక్రియ అందరిలో ఒకేలా ఉండదు. దీనికి మన పక్క దేశంలోనే సాక్ష్యం ఉంది. శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీలని 1970 నుంచి 1985 వరకు పరీక్షిస్తూ వచ్చారు. పళ్ళు తోముకోవడమనే అలవాటూ, దంతవైద్యమూ అసలు తెలియనివాళ్ళు. అందరి నోళ్ళలోనూ పాచి, గార, చిగుళ్ళ వాపు ఉన్నాయి. అయినా 8 శాతం మందిలో జబ్బు వేగంగా ముదిరి పళ్ళు ఊడాయి. 81 శాతం మందిలో నెమ్మదిగా పెరిగింది. 11 శాతం మందిలో చిగుళ్ళ వాపు దాటి ముందుకు పోలేదు. "మా తాతగారు బొగ్గుపొడితో తోమేవారు, తొంభై ఏళ్ళకీ చెరుకు నమిలారు" అని నాతో వాదించేవాళ్ళకి ఇదే నా జవాబు. మీ తాతగారు ఆ 11 శాతంలో ఉండి ఉంటారు. మీరూ అందులోనే ఉన్నారని హామీ ఏదీ లేదు.

కందకాల్లో నోరు

సైనికులతో మాట్లాడుతూ ఒక సైనిక జబ్బు గురించి చెప్పకపోతే బాగుండదు. 1890ల చివర్లో విన్సెంట్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు ఒక రకం నోటిపుండులో రెండు రకాల బాక్టీరియాలు కలిసి ఉండటం గమనించాడు. ఒకటి కదురులా ఉంటుంది, రెండోది మెలికలు తిరిగి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగంలో కందకాల్లో నెలల తరబడి ఉన్న జవాన్లలో ఇదే జబ్బు చిగుళ్ళకు విపరీతంగా వచ్చింది. పళ్ళ మధ్య చిగురు కొనలు కొరికేసినట్టు ఊడిపోవడం, తీవ్రమైన నొప్పి, దుర్వాసన. దానికి 'ట్రెంచ్ మౌత్' అని పేరే పడిపోయింది. చెంచాల ద్వారా, కప్పుల ద్వారా అంటుకుంటుందని అప్పట్లో భయపడ్డారు. అది అంటువ్యాధి కాదని తర్వాత తెలిసింది. ఆ బాక్టీరియాలు చాలామంది నోళ్ళలో ముందునుంచీ ఉండేవే. నిద్ర లేకపోవడం, మానసిక ఒత్తిడి, సరైన తిండి లేకపోవడం, సిగరెట్లు, నోరు కడుక్కునే వీలు లేకపోవడం అన్నీ ఒక్కచోట కూడినప్పుడు అవే విజృంభించాయి.

శత్రువు ఎప్పుడూ గేటు దగ్గరే ఉంటాడు. కాపలా సడలినప్పుడు లోపలికి వస్తాడు. పరీక్షలకు చదివే విద్యార్థుల్లోనూ, సరిగ్గా నిద్రలేని రిక్రూట్లలోనూ ఈ జబ్బు ఇవాళ్టికీ అడపాదడపా కనిపిస్తుంది.

ఒత్తిడి మీద విచారణ

ఇప్పుడు రెండో ముద్దాయి సంగతి. ఒక పంటి మీద మోయలేనంత బరువు పడితే, లేదా పన్ను అటూ ఇటూ ఊగేలా బలం పడుతూ ఉంటే చిగురు వాస్తుందా?

1960ల్లో అమెరికాలో గ్లిక్‌మన్ అనే ప్రొఫెసరు ఒక సిద్ధాంతం చెప్పాడు. పాచి వల్ల వాపు, బలం వల్ల దెబ్బ, ఈ రెండూ కలిసిన చోట ఎముక ఇంకా ఎక్కువగా, వేరే ఆకారంలో కరుగుతుందన్నాడు. నార్వేకి చెందిన వేర్‌హౌగ్ ఒప్పుకోలేదు. చనిపోయినవారి దవడల్ని పరీక్షించి, ఎముక కరిగిన ఆకారాన్ని నిర్ణయించేది పాచి ఎంత లోతుకు దిగిందన్నదే, దానికి బలంతో పనిలేదన్నాడు. తేల్చుకోవడానికి 1970ల్లో స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో కుక్కల మీద, అమెరికాలోని రాచెస్టర్‌లో కోతుల మీద ప్రయోగాలు జరిగాయి. పళ్ళని కావాలని ఊగించారు. కొన్నిట్లో పాచి పెరగనిచ్చారు, కొన్నిట్లో పెరగనివ్వలేదు.

పాచి ఉన్న చోట ఊగించినప్పుడు కుక్కల్లో అతుకు మరింత ఊడింది. కోతుల్లో అలా ఊడలేదు కాని, ఎముక పలచబడింది. ఇక్కడ ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఒక్క విషయంలో మాత్రం రెండు దేశాల ఫలితాలూ కలిశాయి. శుభ్రంగా ఉన్న చిగురు దగ్గర ఎంత ఊగించినా చిగురు వాయలేదు, సంచీ ఏర్పడలేదు, అతుకు ఊడలేదు. నారల పొర వెడల్పయి పన్ను వదులైంది, అంతే. అలా వదులైన పన్ను ఆ బలం తీసేస్తే మళ్ళీ బిగుసుకోగలదు.

మన ఊళ్ళలో పందిరి గుంజని చూడండి. ఎండిన నేలలో పాతిన గుంజని అటూ ఇటూ ఊపితే చుట్టూ మన్ను వదులై గుంజ కదులుతుంది. ఊపడం మానేసి మన్ను దిమ్మిస్తే మళ్ళీ నిలబడుతుంది. ఊపినంత మాత్రాన గుంజకి చెద పట్టదు. కానీ ముందే చెద పట్టిన గుంజని ఊపారనుకోండి, తొందరగా పడిపోతుంది. పాచి చెద. ఒత్తిడి ఊపు. 2017లో చికాగోలో అమెరికా, యూరప్ దంతవైద్య నిపుణులు కలిసి చిగుళ్ళ జబ్బుల వర్గీకరణని తిరగరాసినప్పుడు కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పారు. బలం ఒక్కటే చిగుళ్ళ జబ్బుని మొదలుపెడుతుందనడానికి ఆధారం లేదు. ఉన్న జబ్బుని అది తొందర పెట్టవచ్చుననడానికి కొంత ఆధారం ఉంది.

నమలడంలోనూ ఒక పాఠం

ఇక్కడితో ఒత్తిడిని నిర్దోషిగా వదిలేద్దామా అంటే, అదే 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు ఎలుకల మీద చేసిన పని ఒకటి బయటికి వచ్చింది. టీహెచ్-17 అనే ఒక రకం రక్షణ కణాలు చిగురులో కాపలా కాస్తుంటాయి. చర్మంలోనూ, పేగుల్లోనూ ఈ కణాలని తయారుచేయించేది అక్కడుండే బాక్టీరియా. చిగురులో మాత్రం బాక్టీరియా లేకపోయినా ఇవి తయారయ్యాయి. మరి ఎవరు పిలిచారు వీటిని? నమలడంలో రోజూ చిగురుకు తగిలే చిన్న చిన్న గాయాలు. మెత్తటి తిండి పెట్టి పెంచిన ఎలుకల చిగురులో ఈ కణాలు తగ్గాయి. చిగురు పదేపదే గీసుకుపోయేలా చేసిన ఎలుకల్లో పెరిగాయి, వాటితోపాటు ఎముక నష్టమూ పెరిగింది.

అంటే మామూలుగా నమలడం చిగురుకు డ్రిల్లు లాంటిది. కాపలాని మెలకువగా ఉంచుతుంది. అదే గాయం మోతాదు మించితే ఆ కాపలావాళ్ళే ఎముకకు చేటు తెస్తారు. ఎలుకలో చూసినదాన్ని మనిషికి యథాతథంగా అంటగట్టకూడదు. అయినా ఒక్కటి తేలింది. చిగురు బాక్టీరియా మాటా వింటుంది, రాపిడి మాటా వింటుంది. అందుకని మన వైద్యంలో రెండింటినీ చూసుకోవాలి. చూసే వరస మాత్రం తప్పకూడదు. ముందు పాచి, తర్వాత ఒత్తిడి.

మన సర్వీసులో ఒత్తిడి వచ్చే దారులు

మొదటిది బ్రష్షు. బూట్లకు పాలిష్ పెట్టే ఊపు చేతికి అలవాటైపోయి, అదే ఊపులో పళ్ళు తోముతారు మనవాళ్ళు. బ్రష్షుకి కావలసింది 150, 200 గ్రాముల ఒత్తిడి. ఒక నారింజ పండు చేతిలో పెట్టుకుంటే ఎంత బరువో అంత. గట్టి బ్రష్షుతో అడ్డంగా రుద్దితే చిగురు కిందికి జారుతుంది, వేరు బయటపడుతుంది, పంటి మెడ దగ్గర గాడి పడుతుంది, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. విచిత్రం ఏమిటంటే ఇంత రుద్దినా పళ్ళ మధ్య పాచి అలాగే ఉంటుంది. బలం బయటివైపు పోతోంది, శత్రువు సందులో దాక్కుని ఉన్నాడు.

రెండోది పళ్ళు కొరకడం. నిద్రలో పటపట నూరేవాళ్ళున్నారు, పగలే దవడ బిగించి కూర్చునేవాళ్ళున్నారు. చలిలో సెంట్రీ డ్యూటీ, రాత్రంతా డ్రైవింగు, మనసులో ఇంటి దిగులు, ఇవన్నీ దవడ బిగించేవే. తిండి తినేటప్పుడు పళ్ళు ఒకదానికొకటి తగిలే సమయం రోజు మొత్తానికి అరగంట కూడా ఉండదని అంచనా. కొరికేవాళ్ళలో అది గంటలకు పోతుంది. చిగురు శుభ్రంగా ఉన్నవాడికి దీనివల్ల పళ్ళు అరుగుతాయి, దవడ నొప్పి పెడుతుంది. చిగురు ముందే వాచి ఎముక తగ్గినవాడికి పన్ను కదులుతుంది.

మూడోది పళ్ళ సందుల్లో ఇరుక్కునే మాంసపు పీచు, తమలపాకు, వక్క ముక్క. దాన్ని తీయడానికి మనవాళ్ళు వాడే ఆయుధాలు చూస్తే నాకు భయమేస్తుంది. అగ్గిపుల్ల, పిన్నీసు, ఒక నాయక్ అయితే కరెంటు తీగ ముక్క. చిగురుకి గాయమూ అవుతుంది, ఆ గాయంలోకి పాచీ దిగుతుంది. నాలుగోది ఎత్తుగా ఉండిపోయిన ఫిల్లింగు, అంచు బయటికి పొడుచుకొచ్చిన తొడుగు, సరిగ్గా కుదరని కట్టుడు పన్ను. ఇవి బలాన్ని ఒకే పంటి మీద వేస్తాయి, పాచి నిలవడానికి అరుగు కూడా కట్టిస్తాయి.

ఇక్కడ ఇద్దరు మనుషుల గురించి చెప్తాను. ఇద్దరూ మన తెలుగువాళ్ళే, పేర్లు వద్దు. ఎత్తయిన ప్రాంతంలో ఆరు నెలలు ఉండి వచ్చిన ఒక హవల్దారు చిగుళ్ళు పుచ్చకాయ రంగులో ఉన్నాయి. "బ్రష్షు పెడితే రక్తం వస్తోంది సార్. గాయం మాననిద్దామని తోమడం మానేశాను" అన్నాడు. చేతి మీద గాయమైతే ముట్టుకోకుండా ఉంచడం మంచిదే. చిగురు నెత్తురు అలాంటి గాయం కాదని అతనికి ఎవరూ చెప్పలేదు. బ్రష్షు వల్ల వచ్చిన నెత్తురు కాదది, బ్రష్షు పోని చోట వచ్చిన వాపులోంచి వచ్చింది. స్కేలింగు చేసి, మెత్తటి బ్రష్షు చేతికిచ్చి, "నాలుగు రోజులు నెత్తురు వస్తుంది, భయపడకు, తోము" అని పంపాను. రెండు వారాల తర్వాత చూపించడానికి వచ్చినప్పుడు నెత్తురు ఆగింది. అప్పటికే రెండు దవడ పళ్ళ దగ్గర పోయిన ఎముక మాత్రం తిరిగి రాలేదు.

రెండో ఆయన సుబేదారుగా రిటైరైనవారు. కింది దవడ పన్ను కదులుతోంది, పీకెయ్యమన్నారు. "నలభై ఏళ్ళు పనిచేసింది డాక్టరుగారూ, దానికీ పెన్షన్ ఇచ్చేద్దాం" అని నవ్వారు. చూస్తే ఆ పంటి మీద ఎవరో వేసిన ఫిల్లింగు ఎత్తుగా ఉంది. నోరు మూసినప్పుడల్లా మొదటి దెబ్బ దాని మీదే. చుట్టూ గార. ముందు గార తీసి, సందులు శుభ్రం చేసి, చిగురు వాపు తగ్గనిచ్చాం. ఆ తర్వాత ఫిల్లింగు ఎత్తు తగ్గించాం. మూడు నెలలకి పన్ను కదలడం చాలామటుకు తగ్గింది. ఎత్తు ఒక్కటే తగ్గించి పంపితే చెద లోపల పని చేస్తూనే ఉండేది. గార ఒక్కటే తీసి పంపితే ఊపు ఆగేది కాదు. ఇద్దరు ముద్దాయిలనీ పట్టుకున్నాం కాబట్టి పన్ను నిలబడింది.

స్కేలింగు మీద అపోహ

"స్కేలింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయట కదా!" ఈ ప్రశ్న అడగని కుటుంబం లేదు. గార అంటే రాయిలా గట్టిపడిన పాచి. దాని గరుకు ఉపరితలం మీద కొత్త పాచి సులువుగా పట్టుకుంటుంది. ఎముక కరిగిన పళ్ళని ఒక్కోసారి ఈ గారే కలిపి పట్టుకుని ఉంటుంది. అది తీసేసరికి లోపలి అసలు పరిస్థితి బయటపడుతుంది. వాచిన చిగురు తగ్గి సందులు కనిపిస్తాయి. గార తీసినందువల్ల వచ్చిన వదులు కాదది, ఏళ్ళ తరబడి తీయనందువల్ల వచ్చినది.

చెయ్యవలసిన పని

ఇక మీరు ఇంటికి తీసుకెళ్ళవలసిన మాటలు చెప్పి ముగిస్తాను.

మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. కుచ్చుని చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్నగా కదపండి. పిడికిలితో పట్టుకోకండి, పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి. బలం దానంతట అదే తగ్గుతుంది. నెల తిరక్కుండానే కుచ్చు పువ్వులా విచ్చుకుంటే మీరు ఎక్కువ బలం పెడుతున్నారని అర్థం. పళ్ళ సందులకు దారం గాని, సందుల్లో పట్టే చిన్న బ్రష్షు గాని వాడండి. సందు శుభ్రం చెయ్యనివాడు సగం పనే చేసినట్టు.

వేపపుల్ల వాడేవాళ్ళని నేను వద్దనను. కొన బాగా నమిలి మెత్తగా చేసుకోండి, లోపలి వైపు కూడా తిప్పండి. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం మానెయ్యండి. అవి పంటిని అరగదీస్తాయి. పొగాకు కలిసిన పొడులు, ముద్దలు, గుట్కా, ఖైనీ వీటి జోలికే పోవద్దు.

పోస్టు మీద నీళ్ళు గడ్డకట్టే చోట రోజుకు రెండుసార్లు కుదరకపోవచ్చు. ఇందాక 48 గంటల మాట చెప్పాను. అది ప్రయోగంలో, పాచిని పూర్తిగా తీసినవాళ్ళ సంగతి. మనం అంత పూర్తిగా తీయలేం కాబట్టి రోజుకు ఒక్కసారైనా, తీరిగ్గా, సందులతో సహా చెయ్యండి. పేస్టు లేకపోయినా ఫరవాలేదు, బ్రష్షు ఉంటే చాలు. పాచిని తీసేది కుచ్చు కదలిక.

సిగరెట్టు, బీడీ, చుట్ట కాల్చేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పొగ తాగేవాళ్ళ చిగుళ్ళలో రక్తం రావడం తగ్గుతుంది. దాన్ని చూసి బాగున్నామనుకుంటారు. లోపల ఎముక అందరికన్నా తొందరగా పోతూ ఉంటుంది. అలారం తీగ తెగిపోయిన స్టోరు లాంటిది వాళ్ళ నోరు. వాళ్ళు రక్తం కోసం ఎదురుచూడకుండా ఏడాదికి రెండుసార్లు చూపించుకోవాలి.

రిటైరైన అన్నలకి షుగరు సంగతి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్ళకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. మందు మానమని కాదు నేను చెప్పేది. మందుతోపాటు నోరు కూడా చూపించుకోండి. 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్కుల్లో చాలాచోట్ల దంత విభాగం ఉంది. పన్ను పీకించుకోవడానికే అక్కడికి వెళ్ళాలని నియమం లేదు.

తోమినప్పుడు రెండు వారాలు దాటినా రక్తం ఆగకపోతే, పన్ను కదిలితే, పళ్ళ మధ్య కొత్తగా సందులు వస్తే, పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టుంటే ఆలస్యం చెయ్యకండి. "ముందు చిగుళ్ళు శుభ్రం చెయ్యండి, తర్వాత నా పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడండి" అని డాక్టరుని మీరే అడగండి. అడిగే హక్కు మీకుంది. రాత్రి పళ్ళు కొరుకుతారో లేదో మీకు తెలియదు. పక్కన పడుకునే మనిషినో, బ్యారక్‌లో పక్క మంచం తమ్ముణ్ణో అడగండి, నిజం చెప్తారు.

అక్కచెల్లెళ్ళకు ఒక విన్నపం. మీ ఇంటాయన బ్రష్షు ఒకసారి చూడండి. కుచ్చు విచ్చుకుపోయి ఉంటే కొత్తది, మెత్తది కొని అక్కడ పెట్టండి. సింకులో ఉమ్మినదాంట్లో ఎరుపు కనిపిస్తే ఊరుకోకండి. ఆయన మీతో చెప్పరు. నొప్పి లేదు కదా అంటారు. బూటు కరిచినా, వీపు పట్టేసినా చెప్పకుండా ఏళ్ళు గడిపిన మనిషి ఆయన. ఆ ఓర్పు సరిహద్దులో మెచ్చుకోదగ్గదే. చిగురు విషయంలో మాత్రం ఆ ఓర్పు పనికిరాదు.

 భోజనాలకి పిలుస్తున్నారు. గోంగూర మాంసం ఉందని విన్నాను. హాయిగా నమలండి, నమలడం చిగురుకు మంచిదే. రాత్రి పడుకునే ముందు మాత్రం ఆ పీచులు సందుల్లో ఉంచుకుని పడుకోకండి.

జై హింద్.